నాయకుడి మనస్తత్వం మీద డాక్యుమెంటరీ తీయడం ఎలా: ప్రశ్న నుంచి ఫైనల్ కట్ దాకా

వుడ్రో విల్సన్ సంగతితో మొదలుపెడదాం. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక ఈ అమెరికా అధ్యక్షుడు పారిస్‌లో నెలల తరబడి కూర్చుని నానాజాతి సమితి ఏర్పాటుకు మిగతా దేశాలను ఒప్పించాడు. తీరా ఇంటికొచ్చాక సొంత దేశపు సెనేట్‌ను ఒప్పించలేకపోయాడు. కొన్ని షరతులకు తలూపితే, ఆ సమితి కూడా భాగమైన వెర్సాయ్ శాంతి ఒప్పందం సెనేట్‌లో గట్టెక్కే అవకాశం ఉంది. ఆయన ఒక్క మెట్టు కూడా దిగలేదు. 1919 నవంబరులో ఒకసారి, 1920 మార్చిలో మరోసారి ఒప్పందం వీగిపోయింది. అన్నిటికన్నా గట్టిగా కోరుకున్నదాన్ని తన చేతులతో తనే ఎందుకు పోగొట్టుకున్నాడు?

దీనికి కనీసం మూడు జవాబులున్నాయి. తండ్రితో ఉన్న చిక్కుముడి బంధమే కారణమని మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్, విలియం బులిట్ కలిసి ఒక పుస్తకమే రాశారు. విల్సన్ ఏనాడూ ఫ్రాయిడ్ దగ్గర వైద్యం చేయించుకోలేదు. బులిట్ ఏమో పారిస్‌లో విల్సన్ బృందంలో పనిచేసి, కోపంతో రాజీనామా చేసి బయటికొచ్చినవాడు. రెండో జవాబు అలెగ్జాండర్ జార్జ్, జూలియెట్ జార్జ్ దంపతులు 1956లో ఇచ్చారు. ఓటమిని విల్సన్ ఆత్మగౌరవం మీద దెబ్బగా తీసుకునేవాడనీ, ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడిగా ఉన్నప్పుడు కూడా గ్రాడ్యుయేట్ కాలేజీ గొడవలో ఇలాగే రాజీపడక ఓడిపోయాడనీ వాళ్ళ వాదన. మూడోది వైద్యులది. 1919 అక్టోబరు 2న ఆయనకు తీవ్రమైన స్ట్రోక్ వచ్చి ఎడమవైపు చచ్చుబడింది. మరి ఆ మొండితనంలో మెదడుకు తగిలిన దెబ్బ పాలెంత?

ఈ మూడింటిలో తెరమీద బాగా పండేది మొదటిదే. కఠినమైన తండ్రి, బెదిరిన పిల్లవాడు, పాత ఫొటో మీద నెమ్మదిగా జూమ్, వెనకాల పియానో. అన్నిటికన్నా బలహీనమైన సాక్ష్యం ఉన్నదీ దానికే. నాయకుడి మనసు మీద సినిమా తీసేవాళ్ళకు అసలు చిక్కు ఇదే. దాన్ని అడుగడుగునా ఎలా దాటాలో చెబుతాను. నాయకుడు అని రాస్తున్నా, నాయకురాలికీ ఇదే పద్ధతి.

1. ప్రశ్నను ఒక నిర్ణయానికి కట్టేయండి

"ఆయన ఎలాంటి మనిషి?" అన్న ప్రశ్నతో బయల్దేరితే చేతికొచ్చేవి విశేషణాలే. అభిమాని ధీరుడంటాడు, గిట్టనివాడు మొండివాడంటాడు. మీరు ఇద్దరినీ చెరో పక్క కూర్చోబెట్టి మధ్యలో సంగీతం వేస్తారు. తొంభై నిమిషాలయ్యాక ప్రేక్షకుడు ఏ అభిప్రాయంతో వచ్చాడో దాంతోనే లేచి వెళ్ళిపోతాడు.

పనికొచ్చే ప్రశ్నకు ఒక తేదీ ఉంటుంది. ఫలానా రోజున, ఫలానా సలహా చేతిలో ఉండగా, ఈయన దానికి ఎదురు ఎందుకు నడిచాడు? ఇలా అడిగితే వెతకడానికి కాగితాలుంటాయి, ఆ గదిలో ఉన్న మనుషులుంటారు, ఆ వారం తీసిన ఫుటేజ్ ఉంటుంది. మనసు కెమెరాకు చిక్కదు. అది చేయించిన పని చిక్కుతుంది.

ప్రశ్న దొరికాక దానికో చిన్న పరీక్ష పెట్టండి. అదే కుర్చీలో, అదే పూట ఇంకొకరు ఉంటే వాళ్ళూ ఇదే చేసేవారా? చేసేవారే అనిపిస్తే అక్కడున్నది పరిస్థితి కథ. అది వేరే సినిమా. చాలామంది ఈ పరీక్ష పెట్టకుండానే షూటింగ్‌కి వెళ్ళిపోతారు.

2. సహకారం కావాలా, స్వేచ్ఛ కావాలా

నాయకుడు బతికే ఉంటే ముందు తేల్చుకోవాల్సింది ఇది. ఆయన సహకరిస్తే దగ్గర నుంచి చూడొచ్చు, కానీ ఆయన చూపించాలనుకున్నదే కనబడుతుంది. సహకరించకపోతే మీ ఇష్టం మీది, కానీ అన్నీ దూరపు షాట్లే.

ఆ చూపించుకోవడాన్నే సాక్ష్యంగా వాడుకోవచ్చని 1974లో దర్శకుడు బార్బే ష్రోడర్ నిరూపించాడు. ఉగాండా నియంత ఈదీ అమీన్‌కు తనను తాను ఎలా కావాలంటే అలా చూపించుకునే అవకాశం ఇచ్చాడు. అమీన్ సన్నివేశాలు తనే ఏర్పాటు చేశాడు, సినిమాకు అకార్డియన్ కూడా తనే వాయించాడు. తన గురించి ఏం చూపించుకోవాలనుకున్నాడో అదే ఆయన మనసు లోపలికి కిటికీ అయింది. మంత్రివర్గ సమావేశంలో మంత్రులకు క్లాసు పీకే సీను చూస్తే నవ్వొస్తుంది. అక్కడ చీవాట్లు తిన్న విదేశాంగ మంత్రి కొన్నాళ్ళకే నదిలో శవమై తేలాడని వ్యాఖ్యానం చెప్పగానే నవ్వు గొంతులో ఆగిపోతుంది.

దీనికి ఖరీదూ చెల్లించాల్సి వచ్చింది. సినిమాలో తనకు నచ్చని ముక్కలు తీసేయాలని అమీన్ తన దేశంలో ఉన్న ఫ్రెంచి పౌరులను నిర్బంధించి మరీ బెదిరించాడు. ష్రోడర్ కత్తిరించక తప్పలేదు. అమీన్ 1979లో పదవి కోల్పోయాకే ఆ ముక్కలు తిరిగి సినిమాలో చేరాయి. అందరికీ ఇంత ప్రమాదం రాదనుకోండి. అయినా నాయకుడి తరపువాళ్ళతో మాట్లాడేటప్పుడు, ఫైనల్ కట్ (ఆఖరి ఎడిటింగ్ మీద తుది నిర్ణయం) మీదేనని మొదటి రోజే రాతపూర్వకంగా తీసుకోండి. విడుదలకు ముందు "ఒకసారి చూపిస్తే చాలు" అన్న మాటకు మొహమాటపడి ఒప్పుకోవద్దు. ఆ ఒకసారి ఎప్పుడూ ఒకసారితో ఆగదు.

3. నిర్ణయాల కార్డులు తయారుచేయండి

మొత్తం పనిలో దీనికే ఎక్కువ టైమ్ పెట్టండి. నెల పట్టినా పర్వాలేదు.

నాయకుడి జీవితంలోంచి పది పన్నెండు నిర్ణయాలు ఎంచుకోండి. గెలిచినవి, ఓడినవి, చరిత్రకెక్కినవి, ఎవరూ పట్టించుకోనివి కలిసి ఉండాలి. ఒక్కో నిర్ణయానికి ఒక కార్డు. దానిమీద ఇవి రాయండి:

- ఆ రోజుకు ఆయనకు తెలిసిందేమిటి, తెలియనిదేమిటి
- ముందున్న దారులు ఎన్ని, ఎవరు ఏ దారి చెప్పారు
- ఎంత టైమ్ ఉంది. తొందర నిజమైనదేనా, ఆయనే తెచ్చిపెట్టుకున్నదా
- ఎవరి మాట విన్నాడు, ఎవరిని గదిలోకి రానివ్వలేదు
- ఏం చేశాడు
- పొరపాటని తేలాక ఏం చేశాడు

ఆఖరి గడి బంగారం లాంటిది. తప్పులు అందరూ చేస్తారు. తప్పు బయటపడిన మరుసటి వారంలోనే ఒక్కో నాయకుడికీ తేడా తెలిసిపోతుంది. ఒకరు దిద్దుకుంటారు, ఒకరు కింద ఉద్యోగి మీదకు నెట్టేస్తారు, ఒకరు తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటారు. అసలు కుందేలే లేదనేవాళ్ళూ ఉంటారు. ఇదే వరస నాలుగైదు కార్డుల్లో కనిపిస్తే మీ సినిమాకు వెన్నెముక దొరికినట్టే.

మొదటి గడి నింపడం అన్నిటికన్నా కష్టం. జరిగింది తెలిసిపోయాక, "ఇది ముందే తెలిసిన సంగతేగా" అనిపించడం మనిషి మెదడుకు అలవాటు. దీన్ని బరూక్ ఫిష్‌హోఫ్, రూత్ బేత్ ఒక రాజకీయ సంఘటనతోనే పరీక్షించారు. 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనా, సోవియట్ యూనియన్ పర్యటనలకు వెళ్ళబోయే ముందు, ఏది జరిగే అవకాశం ఎంతో అంచనా వేయమని కొందరిని అడిగారు. పర్యటనలు ముగిశాక, మీరు అప్పుడు వేసిన అంచనా ఏమిటో గుర్తుచేసుకోండి అన్నారు. జరిగిన వాటికి తాము మొదటినుంచీ ఎక్కువ అవకాశమే ఇచ్చామని జనం గుర్తుచేసుకున్నారు. అబద్ధం చెబుదామని కాదు, జ్ఞాపకమే అలా మారిపోయింది. మీరు ఇంటర్వ్యూ చేయబోయే ప్రతి సాక్షికీ ఇదే జరిగి ఉంటుంది, మీకూ జరుగుతుంది. అందుకే మొదటి గడిలో ఆ నిర్ణయం తేదీకి ముందున్న కాగితాల్లోని సమాచారమే రాయండి. తర్వాత తెలిసినవి వేరే రంగు సిరాతో కార్డు వెనకవైపు రాసుకోండి.

క్యూబాలో సోవియట్ క్షిపణులు బయటపడ్డ 1962 అక్టోబరు సంక్షోభం దీనికి మంచి ఉదాహరణ. ఫలితం తెలిసినవాళ్ళు అమెరికా అధ్యక్షుడు కెనడీ మొదటినుంచీ నిబ్బరంగా ఉన్నాడని చెప్పేస్తారు. ఆయన రహస్యంగా రికార్డు చేయించిన సమావేశాల టేపులు వింటే, 16వ తేదీ మొదటి సమావేశంలో మొగ్గు వైమానిక దాడి వైపే ఉంది. తర్వాతి రోజుల్లో మాటలు నౌకా దిగ్బంధం వైపు తిరిగాయి. పుట్టుకతోనే నిబ్బరం ఉన్న మనిషి కన్నా, రోజులు గడిచేకొద్దీ మనసు మార్చుకున్న మనిషే సినిమాకు ఎక్కువ పనికొస్తాడు.

కార్డులన్నీ అయ్యాక ఒకటి తీసి కవర్లో పెట్టి అంటించేయండి. ఆ నిర్ణయం సినిమాలో ఉండదు. ఎందుకో చివర్లో చెబుతాను.

4. ప్రతి కార్డుకూ పోటీ కారణాలు రాయండి

మన సామెతలు చూడండి. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందంటాం. మొక్కై వంగనిది మానై వంగునా అంటాం. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటాం. మూడింటిదీ ఒకటే సిద్ధాంతం: మనిషి చేసే పనికి కారణం మనిషి లోపలే ఉంది, అదీ చిన్నప్పటినుంచీ ఉంది. వినడానికి బాగుంటాయి, ఈ పనికి మాత్రం మూడూ శత్రువులే.

1967లో ఎడ్వర్డ్ జోన్స్, విక్టర్ హారిస్ చేసిన ప్రయోగంలో క్యూబా నాయకుడు ఫిడెల్ కాస్ట్రోను సమర్థిస్తూ, వ్యతిరేకిస్తూ రాసిన వ్యాసాలను కొందరితో చదివించారు. రాసినవాళ్ళకు పక్షం ఎంచుకునే వీల్లేదు, చెప్పింది రాశారంతే అని ముందే చెప్పినా, కాస్ట్రోను సమర్థించి రాసినవాడు లోపల కూడా అంతో ఇంతో కాస్ట్రో మనిషే అయ్యుంటాడని చదివినవాళ్ళు అనుకున్నారు. పరిస్థితిని వదిలేసి మనిషికే కారణం అంటగట్టే ఈ పొరపాటుకు 1977లో లీ రాస్ ఒక పేరు కూడా పెట్టాడు. నాయకుడి విషయంలో ఇది ఇంకా ఎక్కువ, ఎందుకంటే తెరనిండా ఉండేది ఆయన ముఖమే. ఆయన్ను ఆ మూలకు నెట్టిన బడ్జెట్టూ, పార్టీ లెక్కలూ, పొరుగు సైన్యమూ ఫ్రేములో ఉండవు.

కాబట్టి ప్రతి కార్డు కిందా ఈ వరసలోనే కారణాలు రాయండి. ముందు పరిస్థితి ఒత్తిడి. తర్వాత లాభనష్టాల లెక్క. ఆ తర్వాత చుట్టూ ఉన్నవాళ్ళు, అంటే ఆయనకు చేరిన సమాచారం ఎవరి చేతులు దాటి వచ్చింది. ఆపైన శరీరం: జబ్బు, నిద్రలేమి, మందులు, వయసు. స్వభావం అట్టడుగున. పై నాలుగూ తీసేశాక మిగిలినదే స్వభావానికి దక్కాలి.

విల్సన్‌కు ఇదే పెట్టి చూడండి. ప్రిన్స్‌టన్ వేరే చోటు, ప్రత్యర్థులు వేరు, పందెం చాలా చిన్నది. అయినా ఎత్తు అదే, ఓటమి తీరు అదే. పరిస్థితులు మారినా మారని వరస కాబట్టి జార్జ్ దంపతుల వాదనకు బరువుంది. అయితే, ప్రిన్స్‌టన్ రోజులకే ఆయనకు చిన్న స్ట్రోకులు వచ్చాయని ఎడ్విన్ వైన్‌స్టీన్ అనే న్యూరాలజిస్టు వాదించాడు. జార్జ్ దంపతులు దాన్ని గట్టిగా ఖండించారు. ఇలాంటి చోట దర్శకుడు తీర్పు చెప్పాల్సిన పని లేదు. ఆ తగువునే తెరమీద పెట్టండి. ఒకే సంఘటనను రెండు వివరణలతో రెండుసార్లు చూపిస్తే ప్రేక్షకుడు కుర్చీలో ముందుకు జరుగుతాడు.

కుర్చీ కూడా మనిషిని మారుస్తుందని మరచిపోకండి. బ్రిటన్ విదేశాంగ మంత్రిగా పనిచేసిన డేవిడ్ ఓవెన్ వృత్తిరీత్యా వైద్యుడు. ఆయన, సైకియాట్రిస్టు జొనాథన్ డేవిడ్‌సన్ కలిసి 2009లో, అధికారంలో ఉండగా పుట్టుకొచ్చే అహంకారానికి పద్నాలుగు లక్షణాలు రాసి దాన్ని ఒక సిండ్రోమ్‌గా ప్రతిపాదించారు. అది అధికారిక రోగనిర్ధారణ జాబితాల్లో చేరలేదు, మీరూ దాన్ని జబ్బులా వాడొద్దు. కానీ అందులోని ప్రశ్న తీసుకోండి: పదవికి ముందు ఇలా ఉన్నాడా? మొదటి ఏడాది కార్డులూ పదో ఏడాది కార్డులూ పక్కపక్కన పెట్టి చూస్తే బాల్యం చెప్పలేని సంగతులు బయటపడతాయి.

మరి బాల్యం పూర్తిగా వద్దా? పెట్టొచ్చు. ఆ సంఘటనకు అప్పటి సాక్ష్యం ఉండాలి. పేరొచ్చాక ఊరివాళ్ళు చెప్పే కథలు లెక్కలోకి రావు. పెద్దయ్యాక చేసిన పనిలో అదే వరస కనిపించాలి. ఈ రెండూ ఉంటే పెట్టండి, అదీ సినిమా సగం దాటాక. ముందే పెడితే మిగతాదంతా దాని నీడలోనే కనబడుతుంది. నేను ఎడిటింగ్‌లో కూర్చున్న మొదటి జీవితచిత్రం ఇలాగే బాల్యంతో మొదలైంది. తర్వాత ఏ నిర్ణయం చూపించినా, చూసినవాళ్ళు "పాపం, చిన్నప్పుడు..." అనేవారు. మూడు వారాల పని వెనక్కి తిప్పాల్సి వచ్చింది.

5. సామగ్రి: ఏది ఎంత నమ్మాలి

నాయకుడు ఎవరూ వినడం లేదనుకుని మాట్లాడిన మాటలకు అన్నిటికన్నా విలువెక్కువ. నిక్సన్ టేపులు 1971 ఫిబ్రవరి నుంచి 1973 జులై దాకా సుమారు 3,700 గంటలున్నాయి. రికార్డవుతోందని ఆయనకు తెలుసు, ఎదుటివాళ్ళలో చాలామందికి తెలియదు. అందుకని ఆ టేపుల్లో కూడా ఎవరి మాటను ఎంత నమ్మాలో వేరువేరుగా చూసుకోవాలి.

ఆత్మకథలు, జ్ఞాపకాల పుస్తకాలు బాగా కిందికొస్తాయి. క్యూబా సంక్షోభం గురించి అధ్యక్షుడి తమ్ముడు రాబర్ట్ కెనడీ రాసుకున్న పుస్తకంలో ఆయన మొదటినుంచీ సంయమనం కోరిన మనిషి. టేపుల్లో అంత మెత్తగా లేడు. ఇలాంటి తేడా దొరికితే పుస్తకాన్ని పక్కన పడేయకండి. తనను తాను ఎలా గుర్తుంచుకోవాలనుకున్నాడో ఆ తేడాయే చెబుతుంది.

ఉపన్యాసాల దగ్గర జాగ్రత్త. రాసింది వేరేవాళ్ళు. నాయకుల మాటల్లోంచి లక్షణాలు లెక్కగట్టే పద్ధతి తయారుచేసిన మార్గరెట్ హెర్మన్ కూడా ఉపన్యాసాల కన్నా ఇంటర్వ్యూల్లో అప్పటికప్పుడు చెప్పిన జవాబులకే ప్రాధాన్యం ఇచ్చింది. ఒక్కొక్కటి వంద మాటలకు తగ్గని జవాబులు కనీసం యాభై ఉండాలంది. ఆ జవాబుల్లో చూడాల్సింది ఇలాంటివి: బహుశా, కొంతవరకు అనే మాటలు ఎక్కువా, ఎప్పుడూ, ఖచ్చితంగా అనేవి ఎక్కువా; నేను ఎక్కడ అంటాడు, మేము ఎక్కడ అంటాడు. మీరు గణాంకాలు తీయక్కర్లేదు. ఒక వారం కూర్చుని జవాబులు రాతలో పెట్టి రంగు పెన్సిల్‌తో గీతలు గీయండి చాలు.

ఫుటేజ్ విషయంలో ఒకటే మాట: ప్రసారమైన ముక్క కాదు, పూర్తి రీలు అడగండి. ఉపన్యాసం మొదలవక ముందు మైకు సర్దుకునే నిమిషం, చప్పట్లు ఆగాక పక్కవాడితో అనే మాట, ఎవరు చెయ్యి చాపితే చూడనట్టు వెళ్ళాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అనే రకమో కాదో ఆ నిమిషాల్లో దొరికిపోతుంది. 1989 డిసెంబరు 21న బాల్కనీ మీద మాట్లాడుతున్న రొమేనియా నియంత చౌషెస్కు, జనంలోంచి కేకలు లేవగానే ఆగిపోయి చెయ్యెత్తి నిలబడ్డ దృశ్యం మీద ఎన్ని పుస్తకాలు రాసినా, ఆ కొన్ని సెకన్ల ముఖం చెప్పినంత చెప్పలేవు. నాలుగు రోజుల్లో ఆయన్ను కాల్చి చంపేశారు.

6. సాక్షుల ఇంటర్వ్యూలు

మంత్రుల కన్నా ముందు అపాయింట్‌మెంట్లు చూసినవాళ్ళను, డ్రైవర్లను, ఉపన్యాసాలు రాసినవాళ్ళను, దుబాసీలను కలవండి. వీళ్ళకు నాయకుడిని కాపాడే అవసరమూ తక్కువే, పడగొట్టే అవసరమూ తక్కువే. దుబాసీ అయితే ఒక్కో మాట దగ్గర ఎంతసేపు ఆగాడో కూడా గుర్తుపెట్టుకుంటాడు.

విశేషణం వినబడగానే సీను అడగండి. "చాలా అనుమానపు మనిషండీ" అంటే, "అది మీకు మొదటిసారి ఎప్పుడు తెలిసింది? ఆ గదిలో ఎవరెవరున్నారు? ఆయన ఏమన్నాడు? తర్వాత మీరేం చేశారు?" సీను చెప్పలేకపోతే ఆ విశేషణం ఎవరి దగ్గరో విన్నదే. పాము చావకుండా కర్ర విరగకుండా మాట్లాడే పెద్దమనిషి దొరికితే ప్రశ్న మార్చి చూడండి: "ఆయనకు చెడ్డ వార్త ఎవరు చెప్పేవారు?" ఈ ఒక్క ప్రశ్నకు వచ్చినన్ని మంచి జవాబులు నాకు ఇంకే ప్రశ్నకూ రాలేదు.

7. మనస్తత్వ నిపుణులను ఎంతవరకు వాడాలి

1964లో అమెరికాలో ఒక పత్రిక 12,356 మంది సైకియాట్రిస్టులకు ఉత్తరాలు రాసింది: బారీ గోల్డ్‌వాటర్ అధ్యక్ష పదవికి మానసికంగా తగినవాడేనా? 2,417 మంది జవాబిచ్చారు, వాళ్ళలో 1,189 మంది తగడన్నారు. ఆయన్ను పరీక్షించినవాళ్ళు కారు. గోల్డ్‌వాటర్ ఎన్నికల్లో ఓడాడు గానీ, పరువునష్టం దావాలో గెలిచాడు. 1973లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ నియమం పెట్టింది: తాను స్వయంగా పరీక్షించని, అనుమతి ఇవ్వని ప్రముఖుడి మీద సైకియాట్రిస్టు వృత్తిపరమైన అభిప్రాయం చెప్పడం అనైతికం. దాన్ని గోల్డ్‌వాటర్ రూల్ అంటారు.

మీ దేశంలో ఈ నియమం ఉన్నా లేకపోయినా మీ సినిమాకు పెట్టుకోండి. రోగం పేరు తెరమీద పలకగానే ప్రేక్షకుడు ఆలోచించడం మానేస్తాడు. అదే రోగంతో మామూలుగా బతికే లక్షలమందిని కూడా మీరు ఆ నియంత పక్కన నిలబెట్టినట్టవుతుంది.

దూరం నుంచి చేసిన అంచనాలన్నీ వృథా అనను. 1943లో అమెరికా గూఢచార సంస్థ ఓఎస్ఎస్ కోసం మనోవిశ్లేషకుడు వాల్టర్ లాంగర్ హిట్లర్ మీద నివేదిక రాశాడు. ఓటమి తప్పదనుకుంటే ఆత్మహత్య చేసుకునే అవకాశమే ఎక్కువన్నాడు, 1945 ఏప్రిల్ 30న అదే జరిగింది. అదే నివేదికలో హిట్లర్ లైంగిక జీవితం గురించి రాసిన ఊహలకు గట్టి ఆధారం లేదు. 1978లో క్యాంప్ డేవిడ్ శాంతి చర్చలకు ముందు అమెరికా అధ్యక్షుడు కార్టర్‌కు సీఐఏ ఇచ్చిన చిత్రణలు, ఇజ్రాయెల్ ప్రధాని బెగిన్, ఈజిప్టు అధ్యక్షుడు సాదాత్‌లవి, ఇంకా పనికొచ్చే రకం. బెగిన్ ప్రతి మాట, ప్రతి చిన్న వివరం పట్టుకుని వాదిస్తాడు, సాదాత్ పెద్ద లక్ష్యం చూసి వివరాలు వదిలేస్తాడు. మనిషి పనిచేసే తీరు గురించి చెప్పిన మాట నిలబడుతుంది.

కాబట్టి నిపుణుడికి నాయకుడి పేరు చెప్పి అభిప్రాయం అడగకండి. ఒక కార్డు చేతికిచ్చి, "ఇలాంటి ఒత్తిడిలో మనుషులు మామూలుగా ఏం చేస్తారు? ఇందులో మీకు వింతగా అనిపించిందేమిటి?" అనండి.

8. నాయకుడే ఎదురుగా కూర్చుంటే

డాక్యుమెంటరీ దర్శకుడు ఎర్రల్ మోరిస్ 2003లో విడుదలైన సినిమా కోసం అమెరికా మాజీ రక్షణమంత్రి రాబర్ట్ మెక్‌నమారాను ఇంటర్వ్యూ చేసినప్పుడు వాడిన పరికరంలో, అడిగేవాడి ముఖం కెమెరా లెన్స్ ముందే కనబడుతుంది. దాంతో ఆయన మోరిస్‌తో మాట్లాడుతున్నా ప్రేక్షకుడి కళ్ళలోకే చూసినట్టుంటుంది. అంత ఏర్పాటు లేకపోయినా లెన్స్‌కు వీలైనంత దగ్గరగా కూర్చోండి.

అరవై ఏళ్ళుగా ఇంటర్వ్యూలు ఇస్తున్న మనిషిని మీరు మాటల్లో ఓడించలేరు. జవాబు అయిపోయాక వెంటనే రెండో ప్రశ్న వేయకండి, ఆగండి. ఆ ఖాళీని నింపడానికి ఆయన చెప్పేదే మీకు కావాల్సింది. కార్డులు వెంట తీసుకెళ్ళి, ఆ రోజు ఆయన రాసిన కాగితమే చేతికివ్వండి, చదువుతున్నంతసేపూ కెమెరా ఆపొద్దు. చెప్పనంటే ఆ నిరాకరణను కూడా ఉంచండి. వియత్నాం యుద్ధంలో తన బాధ్యత గురించి ఇక మాట్లాడనని మెక్‌నమారా చివర్లో తప్పుకున్నాడు, మోరిస్ దాన్నే ముగింపుగా పెట్టుకున్నాడు.

9. ఎడిటింగ్‌లో జరిగే మోసాలు

వందేళ్ళ కిందట సోవియట్ దర్శకుడు లెవ్ కులెషోవ్ ఒకే ముఖం షాట్‌ను ఒకసారి సూప్ గిన్నె పక్కన, ఒకసారి శవపేటిక పక్కన అతికించాడు. ఆకలి, దుఃఖం ఎంత బాగా నటించాడో అన్నారట చూసినవాళ్ళు. నాయకుడి ముఖం మీద మీరు చేసే ప్రతి కట్ ఇదే పని చేస్తుంది. నిరసనకారుల షాట్ తర్వాత, వేరే సభలో ఆయన నవ్విన షాట్ పెడితే క్రూరుడు పుట్టాడు. అదే నవ్వును పిల్లల షాట్ తర్వాత పెడితే దయామయుడు. కాబట్టి ముఖం క్లోజప్ వాడితే అదే రోజుది, అదే గదిది వాడండి. ఇది కఠినమైన నియమమే, పాటిస్తే చాలా అందమైన కట్లు వదులుకోవాల్సి వస్తుంది. వదులుకోండి.

స్లో మోషన్ అనుమానాన్ని పుట్టిస్తుంది. మామూలుగా తల తిప్పినా కుట్ర పన్నుతున్నట్టుంటుంది. సంగీతం ఇంకా ప్రమాదం. మొదటి రఫ్ కట్ (మెరుగులు దిద్దని తొలి ఎడిటింగ్) అసలు సంగీతం లేకుండా చేసుకుని చూడండి. ఎక్కడ విసుగొచ్చిందో అక్కడ సాక్ష్యం తక్కువైందన్నమాట. ఆ లోటును వయొలిన్‌తో పూడ్చకండి.

నరేషన్‌లో క్రియలు ఒక్కొక్కటీ చూసుకోండి. "ఆయన భయపడ్డాడు" అని మీకెలా తెలుసు? "ఆ రాత్రి సైన్యాధిపతికి మూడుసార్లు ఫోన్ చేశాడు" అని రాయండి, భయం సంగతి ప్రేక్షకుడే చూసుకుంటాడు. అనుకున్నాడు, భావించాడు, లోలోపల కుమిలిపోయాడు లాంటి మాటలు డైరీలోనో ఉత్తరంలోనో ఆయనే రాసుకుంటే తప్ప రాకూడదు. వాక్యం పక్కన కార్డు నంబరు వేయండి. నంబరు లేని వాక్యాన్ని కొట్టేయండి.

నరేషన్ లేకుండానూ చేయొచ్చు. చౌషెస్కు మీద ఆంద్రే ఉజీకా 2010లో తీసిన మూడు గంటల సినిమాలో వ్యాఖ్యానమే లేదు, అంతా ఆర్కైవ్ దృశ్యాలే. స్వాగతాలు, పూలు, ఊరేగింపులు చూసి చూసి, ఆ మనిషికి లోకం ఎలా కనబడేదో మనకూ అలాగే కనబడడం మొదలవుతుంది. కొత్తవాళ్ళకు ఇది సిఫారసు చేయను. ఆర్కైవ్ అంత లోతుగా ఉండాలి, అంత ఓపికా ఉండాలి.

నాయకుడి గొంతును ఏఐతో పుట్టించి ఉత్తరాలు చదివించాలనే ఆలోచన వస్తే మానుకోండి. మనసు గురించిన సినిమాలో గొంతే సాక్ష్యం. నటులతో తీసిన సీన్లయితే ఆ విషయం తెరమీద రాయండి.

10. లాయరు, కుటుంబం

రఫ్ కట్ దశలోనే పరువునష్టం కేసులు చూసే లాయరుకు స్క్రిప్ట్ ఇవ్వండి. ఆరోపణ ఎదుర్కొనేవాళ్ళకు జవాబు చెప్పుకునే గడువు రాతపూర్వకంగా ఇచ్చి, వచ్చిన జవాబును సినిమాలో చేర్చండి. పదవి లేని భార్య, భర్త, పిల్లల వైద్య వివరాలు మీ ప్రశ్నకు తప్పనిసరి అయితే తప్ప ముట్టుకోవద్దు.

11. కవరు తెరవండి

రఫ్ కట్‌ను పదిమందికి చూపించండి. సగం ఆ నాయకుడి అభిమానులు, సగం గిట్టనివాళ్ళు. బాగుందా అని అడగకండి. మూడో అడుగులో అంటించిన కవరు తెరిచి, ఆ కార్డు మొదటి నాలుగు గడులూ చదివి వినిపించండి. ఇది ఎప్పటి సంగతో చెప్పొద్దు. ఇప్పుడు ఆయన ఏం చేసి ఉంటాడో, ఎందుకో కాగితం మీద రాయమనండి. ఆ నిర్ణయం ముందే తెలిసినవాళ్ళ కాగితాలు పక్కన పెట్టేయండి.

రెండు పక్షాలవాళ్ళూ దాదాపు ఒకే జవాబు రాసి, కారణంగా సినిమాలోని ఒక సీను చూపించగలిగితే మీరు వరస పట్టుకున్నట్టే. అభిమానులు ఒకటి, గిట్టనివాళ్ళు ఇంకొకటి రాస్తే, వాళ్ళు మీ సినిమా చూడలేదు, వెంట తెచ్చుకున్న సినిమానే చూశారు. నాలుగో అడుగుకు వెళ్ళి ఏ కార్డు దగ్గర పక్షపాతం దూరిందో వెతకండి. అందరూ ఒకే జవాబు రాసి, ఆ రోజు ఆయన దానికి పూర్తి విరుద్ధంగా చేసి ఉంటే మాత్రం ఆ కార్డును మళ్ళీ కవర్లో పెట్టకండి. దాన్ని షూట్ చేసి, ఆఖరి పావుగంటలో పెట్టండి.